టైరు మీద సుద్దగీత

ఖాజాగూడ,
ఆదివారం.

చిరంజీవి యశస్వినికి అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేం బాగానే ఉన్నాం, నర్సరీలో మొక్కలు మాకంటే బాగున్నాయి. నువ్వక్కడ వేళకు తింటున్నావనీ, పరుగులు పెట్టిన కాళ్ళకు నూనె రాసుకుంటున్నావనీ అనుకుంటున్నాను. మీ శిక్షణ కేంద్రంలో ఫోన్లు తీసేసుకుంటే మొదట్లో నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఇదే నయమనిపిస్తోంది. ఫోన్లో అయితే "ఊఁ, ఆఁ" తప్ప ఏం మాట్లాడేదానివి గనక!

ముందు మన మొక్కలు మోసే ట్రక్కు బండి సంగతి. నువ్వు పట్టుబట్టి వేయించి వెళ్ళిన రాళ్ళదారి టైర్లు దిట్టంగానే ఉన్నాయి. చిక్కంతా గాలితోనే వచ్చింది. టైరు పక్కన అరవై అయిదు అని అచ్చేసి ఉంటే మీ నాన్న అంత గాలీ కొట్టించాడు. ఎక్కువేమో అంటే, "టైరు జేసినోనికి తెల్వదా? నీకు తెలుసా?" అని నా మీదే లేచాడు. అది టైరు తట్టుకునే హద్దే గానీ రోజూ ఉంచాల్సిన గాలి కాదని నువ్వు రాసేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఖాళీ బండి చిన్న గులకరాయి తగిలినా గెంతేది. పోనీ పాత టైర్ల లెక్కే పెడదామంటే అదీ కుదరదన్నావు. ఈ మందపు టైర్లు అదే బరువు మోయాలంటే ఇంకాస్త గాలి కావాలన్నావు. అందుకని డ్రైవరు తలుపు దగ్గర కంపెనీవాళ్ళు అతికించిన గాలి లెక్కల కాగితం మీద ఉన్నదానికి కొంచెం పైన ఉంచి, నువ్వు చెప్పిన సుద్దగీత పరీక్ష మొదలుపెట్టాను.

పొద్దున్నే, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉండగా గాలి చూసుకున్నాను. వాకిట్లో ముగ్గు వేసిన సుద్దముక్కతోనే టైరుకు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా గీత గీశాను. ఒట్టి గీతతో ఊరుకోలేక పక్కన రెండు చుక్కలు కూడా పెట్టాను, చేతి అలవాటు. ఎదురింటి అనసూయమ్మగారు చూడనే చూశారు.

"ఏమండీ సక్కుబాయిగారూ, ఇవాళ ఏం పండగండీ?"

"పండుగ గాదమ్మా, గాలి జూస్తున్న."

"ముగ్గుతోనా అండీ!"

చెరువు పక్కన చదునుగా ఉన్న రోడ్డు మీద కాస్త దూరం పోయి వచ్చేసరికి గీత నడుమ చెరిగింది, అంచుల్లో అలాగే ఉంది. అంటే గాలి ఇంకా ఎక్కువే. కొంచెం తీసి మళ్ళీ గీశాను. ఈసారి అనసూయమ్మగారే వంగి చూసి, "అంచు ఇంకా తెల్లగానే ఉందండీ, మరికాస్త తీయండి" అని హుకుం. చివరికి గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా చెరిగింది. మొక్కలు ఎక్కించాక వెనక టైర్లకు మళ్ళీ వేరేగా చూశాను. మన బండికి ముందు నలభై, సరుకుంటే వెనక యాభై. ఇప్పుడు గచ్చిబౌలి దాకా వెళ్ళినా కుండీలో మట్టి ఒలకడం లేదు.

ఇక, నాన్న ఒక్క ముక్కైనా ఎందుకు రాయడం లేదని అడిగావు. దాచాను తల్లీ, కోప్పడకు. గాలి అరవై అయిదు ఉన్న రోజుల్లోనే, ఒక ఆఫీసుకు నాలుగు సిమెంటు కుండీలు తీసుకుపోతుంటే, బండి ఎగిరెగిరి తాళ్ళు వదులయ్యాయి. వెనక తలుపు తీయగానే కుండీ జారి మీ నాన్న కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. దవాఖానలో కట్టు వేశారు. "బిడ్డకు రాయకు, పరేషాన్ అయితది" అన్నాడు. ఇప్పుడు వేళ్ళు బాగానే ఆడుతున్నాయి. ఎడమచేత్తో తింటూ కూరలో ఉప్పు తక్కువని వంక పెట్టే ఓపిక కూడా వచ్చింది.

మరి బండి ఎవరు నడుపుతున్నారంటావా? నేనే. నువ్వు సతాయించి నేర్పి, ఇప్పించిన లైసెన్సు బీరువాలోంచి తీశాను. మొదటిరోజు ఆఫీసు బస్సుల మధ్య మెల్లమెల్లగా పోనిచ్చాను. పక్కన మీ నాన్న "జర బ్రేకు! జర బ్రేకు!" అని ఒకటే గోల. "నువ్వు సప్పుడు జేయకుండ గూసో" అన్నాను. కూర్చున్నాడు!

ఇప్పుడు నీ పెద్ద ప్రశ్న. నాన్న ఒక్కడే అవస్థ పడుతున్నాడేమో, శిక్షణ మానేసి వచ్చేయనా అని రాశావు. ఆ మాట చదివి ఏడ్చాను. రావద్దు. నీ మంచికోసం మనసు రాయి చేసుకుని రాస్తున్నాననుకోకు, అంత గొప్పదాన్నేం కాదు. నువ్వొస్తే స్టీరింగు నీకివ్వాలి. ఇన్నేళ్ళూ పక్క సీట్లో ఒళ్ళో కుండీ పెట్టుకుని, ఎక్కడ ఆపితే అక్కడ దిగాను. ఇప్పుడు పొద్దున్నే మన ఖాజాగూడ బండరాళ్ళ మధ్య నుంచి బండి తిప్పుకుని రోడ్డెక్కుతుంటే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో ఎవరికీ చెప్పలేదు. రేపు మీ నాన్న కట్టు విప్పినా ఇవ్వబుద్ధి కావడం లేదు. ఆయనకింకా ఆ సంగతి తెలియదు, ముందు నీకే చెబుతున్నాను.

నువ్వు అనుకున్నది పూర్తి చేసుకుని రా బిడ్డా. స్టేషనుకు బండి నేనే తెస్తాను. నువ్వు పక్కన కూర్చుందువు గానీ.

ఇట్లు,
బండి తాళాలు కొంగున కట్టుకున్న
మీ అమ్మ,
సక్కుబాయి