అసలు ఫైళ్లు చంద్రకళకే

రేపల్లె బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో నడుపుతున్న షేక్ ఖాజా మొహిద్దీన్ అను నేను, డెబ్బయ్యొకటో ఏట, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా వారసులకు తెలియజేస్తూ రాసిన వీలునామా.

1. ఇల్లు, స్టూడియో గది మా మత చట్టం ప్రకారం నా కొడుకు అఫ్జల్‌కు, కూతురు సుల్తానాకు చెందవలెను. "ఫోనున్నాక స్టూడియో ఎవడిక్కావాలి" అని అఫ్జల్ నలుగురిలో అన్నమాట నేను మరవలేదు. అయినా వాడి వాటా వాడిదే.

2. కంప్యూటరు, రెండు కెమెరాలు, ఆరు హార్డ్ డిస్కులు, వాటిలోని ఫోటోలన్నీ బాపట్ల నివాసి చంద్రకళకు సర్వహక్కులతో చెందవలెను. ఈమె నాకు బంధువు కాదు, పద్దెనిమిదేళ్లుగా నా దగ్గర పనిచేస్తోంది. ఇది మా చట్టం వారసులు కానివాళ్లకు ఇవ్వనిచ్చే మూడో వంతు లోపే గనుక పిల్లలు అభ్యంతరం చెప్పరాదు.

కారణం రాస్తున్నాను. మూడేళ్ల కిందట నిజాంపట్నం నుంచి వేటకెళ్లిన పడవ మునిగి, అడవులదీవి ఊరివాడు మార్కు చనిపోయాడు. శవం దొరకలేదు. భార్య రాహేలమ్మ అతని ఫోటో పెద్దది చేయించుకోవాలని ఫోను పట్టుకుని వచ్చింది. అందులోని ఒకే ఒక్క ఫోటో వాట్సాప్‌లో చేతులు మారి మారి, పెద్దది చేస్తే ముఖం గళ్లుగళ్లుగా విడిపోయింది. వాళ్ల పాప బాప్తిస్మానికి ఫోటోలు తీసింది నేనే. డిస్కులో జాగా కోసం వాటిని తుడిచేసిందీ నేనే. ఆ మాటే ఆమెతో చెప్పాను.

"మీరు తీసేసింది ఒక కాపీయే బాబాయ్. ఇంకోటి బాపట్లలో మా ఇంట్లో ఉందండి" అన్నది చంద్రకళ.

కాపీలు తీయడం పనికిరాని చాకిరీ అని నేను కసురుకున్నా, నాకు తెలియకుండా ఏళ్ల తరబడి తీసి దాచిందట. మర్నాడు డిస్కు తెచ్చి, ఊరు, పేరు, తేదీ రాసుకున్న ఫోల్డరు నిమిషంలో తెరిచింది. రాహేలమ్మ తెరమీద చెయ్యి పెట్టి, "గడ్డం కింద గాటు కూడా కనపడతందమ్మా" అని ఏడ్చింది.

నలభై ఏళ్లు ఫోటోలు తీశాను. వాటిని నిలబెట్టే విద్య చంద్రకళది.

3. ఆమె పద్ధతే సాగవలెను. అసలు ఫైలును ముట్టుకోరాదు. దిద్దుబాట్లు కాపీమీదే చేయవలెను. ప్రతి ఫోటో మూడు చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండవలెను. ఏటా ఒకసారి తెరిచి చూడవలెను. అఫ్జల్‌కు నేర్చుకోవాలనిపిస్తే ఆమెను అక్కా అని పిలిచి అడగవలెను.

4. కిందటేడు పోయిన నా భార్య ఖాజాబీ ఫోటోల కాపీలు తెనాలిలో ఉన్న సుల్తానాకు ఇవ్వవలెను. కెమెరా ఎత్తితే చాలు, ఖాజాబీ కళ్లు మూసుకునేది. బాగా రాలేదని ఒక్కటీ తీసెయ్యవద్దు. నేను కెమెరా దించాకే ఆమె నవ్వేది. ఆ నవ్వు ఏ ఫైలులోనూ లేదు.

రేపల్లె, 14 నవంబరు 2025
(సంతకం) షేక్ ఖాజా మొహిద్దీన్

సాక్షులు:
1. సీతారామాంజనేయులు, తెనాలి
2. కిరణ్ కుమార్, కాకుమాను