నాన్న ఎందుకు రాయడం లేదంటే

చిరంజీవి పెద్దతల్లికి,

అమ్మ దీవించి రాస్తున్నది. నేనూ, నాన్నా, చెల్లీ ఉన్నంతలో బాగున్నాం. కొండమీది గాలులకూ మంచుకూ నువ్వు ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావనే తలుస్తాను. సరుకుల బండి మీద వచ్చిన నీ ఉత్తరాన్ని చెల్లి పైకి చదివి వినిపించింది. వాతావరణ కేంద్రంలో మబ్బుల లెక్కలన్నీ మా అక్క చేతిలోనే ఉన్నాయని వీధంతా చాటుతోంది. "అయితే రేపు ఎండ కాస్తుందో లేదో అడిగి చెప్పవే, దుప్పట్లు ఉతుక్కుంటాను" అని పక్కనున్న రొట్టెల కొట్టావిడ దాన్ని ఆటపట్టిస్తోంది.

నువ్వడిగినవాటికి జవాబులు. చెల్లి దగ్గు తగ్గింది. నా మోకాళ్ళు మెట్లు కనిపిస్తే చాలు, మొరాయిస్తున్నాయి. ముందుగదికి ఇప్పుడు సున్నమెందుకు వేయించారని అడిగావు. చెల్లి నోరు జారిందన్నమాట. నాన్న ఎందుకు రాయడం లేదు, నా మీద కోపమా అని కూడా అడిగావు. కోపం కాదమ్మా. చేతినిండా పనుందని కిందటి ఉత్తరంలో రాశాను కదా, అది నిజం కాదు. నువ్వక్కడ ఒంటరిగా ఉన్నావు, వింటే ఏమైపోతావోనని దాచాను.

ముందుగది కాలిపోయింది.

నీకు తెలిసిన గదే. మిషను, ఇస్త్రీపెట్టె, నాన్న బట్టలు కత్తిరించే బల్ల, దాని కింద పీలికల కుప్ప. గోడకున్నది ఒక్కటే ప్లగ్గు. దానికి తగిలించిన బోర్డు మీదే మిషను మోటారూ, ఇస్త్రీపెట్టే, ఫ్యానూ, చెల్లి ఫోనూ బతికేవి. కాళ్ళకు తగులుతోందని ఆ తీగను చాప కిందికి తోసేశాం. కొన్నాళ్ళుగా చాప అక్కడ వెచ్చగా ఉండేది. చెల్లి చలికి అక్కడే కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. కమురు వాసన వస్తోందంటే, దర్జీ ఇంట్లో ఇస్త్రీ వాసన కాక మల్లెల వాసన వస్తుందా అని నాన్న నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

ఆ మధ్యాహ్నం, తిని వచ్చేసరికి వేడెక్కుతుందిలే అని ఇస్త్రీ స్విచ్చి వేసి భోజనానికి వచ్చారు. ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా తలుపు కింద నుంచి పొగ వచ్చింది. నాన్న తలుపు తీసి చూస్తే పీలికల కుప్ప మండుతోంది. వెంటనే తలుపు మూసి, గ్యాసు కట్టేసి, మమ్మల్ని పెరటి గుమ్మంలోంచి బయటికి నెట్టి తనూ వచ్చేశారు. రొట్టెల కొట్టావిడ ఫైరింజనుకు ఫోను చేసింది. ముగ్గురం వీధిలో నిలబడ్డాం. ఇల్లు పోతే పోయింది, మనుషులం మిగిలాం అనుకున్నాను. ఆ క్షణం అక్కడే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది.

నాన్న చూపు కిటికీ మీద పడింది. లోపల బొమ్మకు తొడిగిన తెల్లగౌను కనిపిస్తోంది. దాన్ని కుట్టమన్న పిల్లకు మర్నాడే పెళ్ళి. "పెళ్ళిపిల్లది" అన్నారు. అంతే. నేను చొక్కా పట్టుకుని లాగాను. బొత్తాం ఊడి నా చేతిలోకి వచ్చింది గాని మనిషి ఆగలేదు.

గౌనును రెండు చేతులా పొదివి పట్టుకుని బయటికి వచ్చారు. అది నూలు కాదు, నైలాను. నిప్పు తగిలితే కరిగి పాకంలా అంటుకుంటుంది, ఆయన చేతులకు అలాగే అంటుకుంది. ఆ సంగతి ఆయనకు తెలియనిదా? బతుకంతా గుడ్డల్లోనే గడిపిన మనిషి. ఫైరింజను వచ్చి మంట ఆర్పింది. వెనక గదులు దక్కాయి.

పెళ్ళిపిల్ల ఆసుపత్రికి వచ్చింది. కట్లు చూసి, "బట్ట కోసమా మాస్టారూ?" అంది.  నాన్నేమో మళ్ళీ కుట్టి ఇస్తానని ఆ పిల్లకే ధైర్యం చెప్పారు. వాళ్ళక్క పాత గౌను వేసుకుని పెళ్ళి చేసుకుందట.

ఇప్పుడు ఇంట్లో తీగలన్నీ మార్పించాం. ఇస్త్రీకి గోడలోనే వేరే ప్లగ్గు. కప్పుకు పొగ పసిగట్టి అరిచే బిళ్ళ ఒకటి బిగించారు. పెనం కాస్త పొగ కక్కితే చాలు, వీధంతా వినిపించేలా గోల చేస్తుంది. చెల్లి దాన్ని అత్తగారు అంటోంది. నీ గదిలో హీటరు ఉందన్నావు. దాన్ని బోర్డుకు తగిలించకు. దాని మీద తడిబట్టలు ఆరేయకు. తీగ ఎక్కడైనా వెచ్చబడితే ఊరుకోకు. మంటంటూ వస్తే కట్టుబట్టలతో బయటికి నడువు, దేనికోసమూ వెనక్కి తిరగకు. ఒట్టు.

అసలు మాట ఇంకా రాయలేదు. నాన్న వేళ్ళు ముడుచుకుపోయాయి తల్లీ. ఇక సూది పట్టవని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. రోజూ వేళ్ళకు నూనె రాస్తూ, నిన్నటికంటే నయం అంటూ వచ్చాను.

మొన్న రొట్టెల కొట్టావిడ గుడ్డ తెచ్చి, పని చేసేటప్పుడు కట్టుకోవడానికి ఏప్రాను కావాలంది. ఆవిడకు అవసరం లేదని నాకు తెలుసు. నాన్న గుడ్డను వంటింటి బల్ల మీద పరిపించి, "కత్తెర నువ్వు పట్టు" అన్నారు.

"మీ చేతులు బాగయ్యాక..."

"అవి బాగవవు. నీ మొహంలో ఎప్పుడో చదివాను. పట్టు."

సుద్దగీత ఎక్కడ గీయాలో చెప్పారు. కత్తెర నోరు పూర్తిగా మూయొద్దు, మూస్తే అంచుకు పళ్ళు పడతాయన్నారు. ఆయన చెప్పినట్టే కత్తిరించాను. వంగి అంచు పొడవునా చూసి, బాగా వచ్చిందని చెప్పి, వెళ్ళి పెరటి మెట్టు మీద అటు తిరిగి కూర్చున్నారు.  నేను పక్కన కూర్చుంటే తెలిసింది, ఏడుస్తున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ చూడలేదు. తుడుచుకోవడానికి చేతులు సహకరించక అలాగే వదిలేశారు. నేనే తుడిచాను.

ఈ ఉత్తరం ఆయనకు తెలిసే రాస్తున్నాను. ఎదురుగానే కూర్చున్నారు. పెద్దదానికి ఏం చెప్పమంటారని అడిగితే, మంచులో తిరిగేటప్పుడు చేతులు జాగ్రత్తగా చూసుకోమని రాయి అన్నారు. 

ఇట్లు,
నీ రాక కోసం చూస్తుండే
అమ్మ