బేస్ గిటార్‌కు వాల్వుల దీక్ష

జూన్ 2
నా బేస్ గిటార్‌కు మంచి రోజులొచ్చాయి! మా లిపా ఊళ్ళో మూతపడిన హోటల్ సామాను అమ్ముతుంటే పాత వాల్వు ఆంప్లిఫయర్ దొరికింది. స్విచ్ వేశాను. గాజు వాల్వులు నారింజ రంగులో వెలిగాయి. ఒక్క తీగ మీటాను. వెచ్చగా, గుండ్రంగా పొట్టలోకి దిగింది ధ్వని!
శపథం: ఇకమీదట ట్రాన్సిస్టర్ ఆంప్ ముట్టను. దానిది ప్రాణం లేని గొంతు.
మా పెళ్ళిళ్ల బ్యాండులో పాడేది నా భార్య లిగాయా. "ధ్వని సరే, దీన్ని మోసేదెవరు?" అంది. కళాహృదయం లేదు.

జూన్ 5
ఆంప్‌ని జీప్నీ బండిలోకి ఎక్కించేసరికి అందరికీ ఆయాసం.
"బావా, లోపల గేదెను గానీ దాచావా?" అన్నాడు ఎఫ్రెన్. నా బామ్మర్ది. డ్రమ్స్ వాయిస్తాడు, అంతకంటే ఎక్కువ వాగుతాడు.

జూన్ 9
పెళ్ళి. కరెంటు ఎగుడుదిగుడు. వంటింట్లో ఏదో మాడుతోందని పెళ్ళికూతురి తల్లి పరుగెత్తింది. మాడింది నా వాల్వు! మిగతా పాటలన్నీ బేస్ లేకుండానే. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. లిగాయా పాడుతూనే నావైపు ఒక చూపు చూసింది.

జూన్ 10
లిగాయా లోమీ నూడుల్స్ గిన్నె నా ముందు ఠప్పున పెట్టింది.
"ఊరి జాతరకి, ఫియెస్తాకి, ట్రాన్సిస్టర్ తెస్తావా? టోమాస్‌ని పిలిపించుకోనా?"
టోమాస్! ప్లాస్టిక్ బిళ్ళతో బేస్ గీకే మనిషి!

జూన్ 13
కొత్త వాల్వు మనీలా నుంచి రావాలి. అందాకా ఎఫ్రెన్ దగ్గరున్న ట్రాన్సిస్టర్ ఆంప్. దీక్ష తప్పడం కాదిది, వాయిదా. ఒంటిచేత్తో ఎత్తాను. సిగ్గుగా ఉంది. నడుము మాత్రం సంతోషించింది.

జూన్ 24
ఫియెస్తా! కర్రలు పట్టుకుని నడిచే తాతలు కూడా ఆడారు. పాట మధ్యలో లిగాయా వచ్చి నా పక్కన నిలబడింది. వేదిక దిగాక మెల్లగా అంది: "గొంతు వణికింది. నీ బేస్ వినబడింది కాబట్టి నిలదొక్కుకున్నాను."
కళ్ళు తుడుచుకున్నాను. చెమటన్నాను.

జూన్ 28
వాల్వు వచ్చింది!! ఎఫ్రెన్ పరీక్ష పెట్టాడు. నేను గోడవైపు తిరిగి కూర్చోవాలి. వాడు తీగ మీటుతాడు, లిగాయా వైరు మారుస్తుంది.
మొదటిది. "రేకు డబ్బా! ట్రాన్సిస్టర్!"
రెండోది. ఒళ్ళు పులకరించింది. "ఆహా! వాల్వంటే ఇదిరా!"
తిరిగి చూశాను. వైరు ట్రాన్సిస్టర్‌లో ఉంది.
"బావా, ఆ పులకరింత ఇంకోసారి చూపించవా?" అంటూ ఎఫ్రెన్ నేలమీద దొర్లాడు. లిగాయా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

జూన్ 29
నిద్ర లేవగానే కారణం తట్టింది. ఇన్నాళ్లూ ట్రాన్సిస్టర్ విని నా చెవులు పాడైపోయాయి! వీటిని శుద్ధి చేయాలి.
శపథం: రేపటి నుంచి వాల్వు ధ్వని తప్ప ఇంకేదీ చెవిన పడనివ్వను.
లిగాయా పిలుస్తోంది. రెండోసారి. వెళ్ళాలి.