గుర్రాల దగ్గర మస్తాన్

ఆళ్లగడ్డ వాస్తవ్యులు, గుర్రాల కాపలాదారు, మహారాజశ్రీ మస్తాన్ గారికి,

నువ్వు పోయి ఏడాదైంది కాబట్టి గౌరవం పెంచాను. అలవాటు చేసుకో.

ఒక్కొక్కరం ఒక వీరుడిగా మారి పాచికలతో ఆడే మన సాహసకథ ఆట నంద్యాలలో నా గదిలో ప్రతి ఆదివారం సాగుతూనే ఉంది. కథ నడిపేది నేనే. "గుహలో ఈ రాక్షసుడు ఇన్నేండ్లు ఏం తిని బతికినాడప్పా?" అని అడిగేవాడు లేక రాక్షసులు సుఖంగా ఉన్నారు.

ఆళ్లగడ్డ బస్సు ఆలస్యమైతే నీ వీరుడు బయట గుర్రాలకు కాపలా ఉన్నట్టని నువ్వే నియమం పెట్టావు. ఏడాదిగా అతను అక్కడే ఉన్నాడు.

నిన్న అందరూ గుహలో ఉండగా, సరదాకి వాళ్లు లోపలికొచ్చిన దారి కూల్చేశాను. వాళ్లు అవతలి వైపు నుంచి బయటపడ్డారు. అప్పుడు మన డోన్ ఊరి రవి అడిగాడు.

"మస్తాన్ యాడుండాడు?"

"గుర్రాల కాడ."

"మనం ఇంక ఆ దోవన రామని వానికి ఎవురు చెప్తారప్పా?"

తర్కానికి నిలిచే జవాబు ఒకటుంది. దాన్ని పక్కన పెట్టాను. దారి మళ్లీ తెరుచుకుందని చెప్పాను. అన్ని రాళ్లు ఎవరు తీశారని ఒక్కరూ అడగలేదు.

నువ్వుంటే అడిగేవాడివి.