తాత చేతి పట్టీ తిరిగి రాదు

బోరమ్‌కు నాన్నమ్మ దీవెనలు. పక్కింటి కోడలిచేత రాయిస్తున్నాను. నేను తింటున్నాను, బెంగపడకు.

తాతను కొండ మీద మట్టిలో పెట్టి నువ్వు బస్సెక్కిన మర్నాడే మీ పరిశోధనశాల పెద్దాయన ఫోను చేశాడు. "అమ్మా, పరీక్ష కోసం ఆయన చేతికి కట్టిన పట్టీ పంపించండి. మేం చేసింది అదొక్కటే" అన్నాడు. "ఆయనతోపాటే పూడ్చాం. కావాలంటే కొండెక్కి ఆయన్నే అడుగు నాయనా" అన్నాను.

పరిశోధనకని నువ్వు అడిగితే జనపనార దారం చుట్ట తీసి ఇచ్చింది మీ తాతే. అది ఆయన చావుబట్టకని నీకు చెప్పలేదు, ముసలి దొంగ. దారంలో ముడి ఉంటే పోయేవాడి కాలికి తగులుకుంటుందని మూడు చలికాలాలు మోకాలి మీద ఒక్క ముడీ లేకుండా పేనాను. అలాంటి దారమైతే ఎటు వంచినా తెగదని మీవాళ్ళు మురిసిపోయి, బొగ్గుగా కాల్చి, కరెంటు దాచుకునే పట్టీ చేశారు. ఆయనేమో దుకాణం గుడ్డలో వెళ్ళాడు. నా దారం ఆ మణికట్టు మీదనైనా ఉండాలి కదా! విప్పబోయిన మీ బాబాయి చేతి మీద ఒక్కటిచ్చాను.

తప్పు నాదేనని ఈ కార్డు ఆ పెద్దాయనకు చూపించు. నీ దగ్గు తగ్గిందా? ముల్లంగి కిమ్చీ జాడీ ఖాళీ అయితే పంపు.

ఉద్యోగం తీసేస్తే ఏడవకుండా వచ్చెయ్యి. నార చీల్చడానికి నాకు నాలుగే పళ్ళు మిగిలాయి, నీ పళ్ళు కావాలి. నా చావుబట్టకు ఇంకా ఒక్క పోగైనా పేనలేదు. చల్లగా ఉండు తల్లీ.