ఖాళీగా ఉన్న రెండు మిషన్లు

హనుమకొండ,
ఆదివారం మధ్యాహ్నం

పెద్దక్కకు,

పద్మ నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, స్వాతీ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆ నూనె మానేసి డాక్టరు దగ్గరికి వెళ్లారా, లేక నూనె సీసా మాత్రం మార్చారా? స్వాతి ఈసారైనా లెక్కల్లో గట్టెక్కిందా? పిన్ని పోలిక అని దాన్ని తిట్టకు. నీ చెల్లెలు లెక్కలు పెట్టుకునే బతుకుతోందని చెప్పు.

ఫోన్ ఎత్తడం లేదని నువ్వు పెట్టిన మెసేజీలన్నీ చూశాను. కోపం తెచ్చుకోకు. ఫోన్‌లో చెప్పడం మొదలుపెడితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను "సరేలే, తర్వాత మాట్లాడతా" అని పెట్టేస్తాను. మనిద్దరి సంగతి మనకు తెలియంది కాదు. అందుకే కాగితం తీసుకున్నాను. బాగానే ఉన్నానని ముందే రాశాను కాబట్టి కంగారు పడకుండా చివరిదాకా చదువు.

మన పార్వతీపురంలో నర్సింగ్ హోమ్ మూతపడ్డాక ఇంకెక్కడా ల్యాబ్‌లో పని దొరక్క ఇంత దూరం వచ్చాను కదా, ఇక్కడ నేను చేసేదేమిటో బావగారికి ఇప్పటికీ అర్థం కాలేదట. ఆయనకు ఇలా చెప్పు. ఏ ఆస్పత్రిలో ఏ మిషన్లు ఉన్నాయి, ఎన్ని మంచాలున్నాయి, మిషన్లు ఏ కంపెనీవి, ఎన్నేళ్ల నాటివి, పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఇదంతా ఊరూరా తిరిగి రాసుకోవడమే నా పని. దేశమంతా నాలాంటివాళ్లు తిరుగుతున్నారు. మేం రాసిందంతా బెంగళూరులో మా కంపెనీవాళ్లు ఒక మ్యాపు మీద చుక్కలుగా పెడతారు. మిషన్లు అమ్మేవాళ్లు ఆ మ్యాపు కొనుక్కుంటారు, ఎక్కడ లేవో చూసుకుని అక్కడ అమ్ముకోవడానికి. రోగులకు దానితో సంబంధం లేదు. నా వంతుకు వరంగల్లు, దాని చుట్టుపక్కల ఊళ్లు వచ్చాయి.

పొద్దున బస్సెక్కితే ఒకరోజు కేసముద్రం, ఒకరోజు పాలకుర్తి. పత్తి లారీల వెనక బస్సు నత్తలా పోతుంటే కిటికీలోంచి దూది ఎగిరొచ్చి జుట్టుకు అంటుకుంటుంది. మొదట్లో నన్ను చూసి అందరూ భయపడేవారు. ఒకచోట కాంపౌండరు నేనేదో తనిఖీకి వచ్చాననుకుని వెనక గదికి తాళం వేసి ఎటో వెళ్లిపోయాడు. ఇంకోచోట డాక్టరుగారు ఎక్స్‌రే మిషన్ మీద చెయ్యేసి నిలబడి ఫోటో తీయమన్నారు. అప్పుడు నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు గానీ, రాస్తుంటే గుర్తొచ్చింది.

మేం వివరాలు ఎక్కించే ఫోన్‌లో ఒక్కో మిషన్‌కూ మూడు గడులుంటాయి. పనిచేస్తోంది, పనిచేయడం లేదు, తెలియదు. "తెలియదు" ఎక్కువసార్లు నొక్కితే బెంగళూరు నుంచి మా సూపర్‌వైజరు ఫోన్ చేసి, అంత దూరం పంపింది తెలుసుకోవడానికే కదా అంటాడు. అందుకని మేమెవరమూ ఆ గడి జోలికి పోం.

ఇంటి సంగతి. నేనుండేది మేడమీద గది. కింద ఇంటివాళ్లు, కొమురమ్మ పెద్దమ్మ, ఓదెలు పెదనాన్న. ముందు గదిలో కిరాణా దుకాణం. ఒక్కతే కూతురు, పెళ్లై సూరత్‌లో ఉంది. వచ్చిన మొదటివారం నేను రోజూ బయట తింటున్నానని చూసి పెద్దమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పైకి పట్టుకొచ్చింది. "మీ దిక్కు కూరల్ల గూడ బెల్లమేస్తరట గదా. ఇగ షుగర్ రాకుంటే ఏమొస్తది?" అంది. అప్పటినుంచి రోజూ ఏదో ఒకటి పైకి వచ్చేది. నువ్వు నా తిండి గురించి దిగులు పెట్టుకోకు.

పెదనాన్నకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు ఇక్కడి పెద్దాస్పత్రిలో డయాలసిస్. తెల్లవారుజామున ఆటోలో వెళ్లి నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని వచ్చేవాడు. వచ్చాక దుకాణం అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని, బేరానికి వచ్చినవాళ్లకు వేలితో డబ్బాలు చూపించేవాడు, వాళ్లే తీసుకునేవాళ్లు. దసరా రోజు నన్ను పిలిచి నా చేతిలో జమ్మి ఆకు పెట్టాడు. ఇక్కడ దాన్ని బంగారం అంటారు. ఒకరికొకరు ఇచ్చి కౌగిలించుకుంటారు. "బంగారం దీస్కో బిడ్డా" అని నెత్తిమీద చెయ్యి పెట్టాడు. చెయ్యి బాగా వాచి ఉంది.

దసరా అయిన వారంలో నేనొక చిన్న ఊరి ఆస్పత్రికి వెళ్లాను. ఊరి పేరు రాయను, వాళ్ల తప్పేమీ లేదు. డయాలసిస్ గదిలో నాలుగు మిషన్లు. నాలుగింటికీ పసుపు, కుంకుమ బొట్లు, వాడిన బంతిపూల దండలు. ఆయుధపూజ చేశారు. రెండింటి పక్కన మంచాల మీద మనుషులున్నారు, రెండు ఖాళీ. టెక్నీషియన్ సెలవు. నర్సు పనిలో ఉంది. నేను ఎవర్నీ అడగలేదు. నాన్న సైకిల్ షాపులో దసరాకు ముందే విరిగిన పానాలు, ఊడిన పంపులు ఏరి పాత ఇనుములో పడేసేవాడు, గుర్తుందా? పూజకు పెట్టినదంటే పనిచేసేదేనని నా బుర్రలో ఎప్పుడో పడిపోయింది. నాలుగింటికీ "పనిచేస్తోంది" నొక్కి బస్సెక్కాను.

ఆ తర్వాత కొన్ని రోజులకు పెదనాన్న నన్ను కిందికి పిలిచాడు. ఆయన తమ్ముడిది స్టేషన్ ఘన్‌పూర్ దాటాక ఒక పల్లె. అక్కడికి వెళ్లి ఉండాలని ఉందట.

"గీ తెల్లారగట్ల తిరుగుడు నాతోని అయితలేదు బిడ్డా. తమ్మునింట్ల ఉంటే జర పానం నిమ్మళముంటది. గాడ దగ్గర్ల మిషన్లున్న దవాఖాన ఏమన్న ఉన్నదా? నీకన్ని ఎరుకనే గదా."

అన్నీ ఎరుకే. ఎంత గొప్పగా అనిపించిందో అక్కా, ఈ ఊరొచ్చాక నన్ను ఒకళ్లు అలా అడగడం అదే మొదలు. ఫోన్ తీసి మ్యాపులో చుక్క చూపించాను. తమ్ముడి ఊరికి దగ్గర్లోనే. "నాలుగు మిషన్లున్నాయి పెదనాన్నా, నేను కళ్లారా చూశాను. రెండు ఖాళీగానే ఉన్నాయి" అన్నాను.

పెద్దమ్మ అప్పటికీ అంది. "ఒక్కసారి ఫోన్ జేసి అడుగుదమా?" అని. ఆయన, "పిల్ల సూసొచ్చిందంటే మల్ల ఫోనెందుకే" అన్నాడు. నేను నవ్వాను.

ఇక్కడి పెద్దాస్పత్రిలో డయాలసిస్ టర్ను వదులుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టి ఆదివారం వెళ్లారు. ఆ టర్ను కోసం ఎదురుచూస్తున్నవాళ్లు బోలెడుమంది, మర్నాడే ఇంకొకరికి ఇచ్చేశారు. సోమవారం అక్కడ ఆస్పత్రిలో, రెండు మిషన్లే నడుస్తాయి, రెండూ నిండిపోయాయి, చూద్దాం ఉండండి అన్నారట. రెండు రోజులు చూశారు. బుధవారం పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసింది. "గీడ రెండే నడుస్తానయ్ అంటాండ్రు పద్మా. ఆయనకు ఆయాసమొస్తాంది" అంది.

నేను ఆ రోజు పనికి వెళ్లలేదు. నా లిస్టు ముందు పెట్టుకుని వరసగా అన్ని ఆస్పత్రులకూ ఫోన్ చేశాను. మిషన్ ఉందమ్మా, ఖాళీ లేదు. మిషన్ ఉందమ్మా, నీళ్ల ప్లాంటు పాడైంది. మిషన్ ఉంది, నడిపేవాడు లేడు. నా మ్యాపులో ఈ జిల్లా మీద చుక్కలు బాగానే కనిపిస్తాయి అక్కా. పెదనాన్నను పడుకోబెట్టడానికి మాత్రం ఒక్కటీ పనికిరాలేదు. సాయంత్రానికి వాళ్లు ఇక్కడికే తిరిగొచ్చారు. గురువారం పెద్దాస్పత్రిలో అత్యవసరం కింద చేర్చుకున్నారు. మిషన్ మీద పెట్టారు కూడా. కానీ అప్పటికే ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చేసింది. మధ్యాహ్నం పోయాడు.

నేను అక్కడే ఉన్నాను. ఏడవలేదు. కాగితాల మీద సంతకాలు ఎక్కడ పెట్టాలో పెద్దమ్మకు చూపించాను, ఆంబులెన్సు మాట్లాడాను, సూరత్‌కు ఫోన్ చేశాను. ఆ మర్నాడు అన్నం తిన్నాను. నిద్ర కూడా పడుతోంది. నాకు ఏమీ అనిపించడం లేదక్కా. దానికే భయంగా ఉంది.

ఆయన పోయాక ఒకరోజు ఆ ఊరి ఆస్పత్రికి మళ్లీ వెళ్లాను. గది ఊడుస్తున్న ఆయమ్మను అడిగాను, ఆ రెండూ ఎప్పుడు పాడయ్యాయని.

"అయ్యో, అవి ఎన్నడో ఖరాబైనయ్ మేడం. బాగుజేసెటోళ్లు వస్తమంటరు, రారు."

"మరి బొట్లు పెట్టారుగా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "అవి గూడ మనయే గదమ్మా. నడుస్తలెవ్వని బొట్టు పెట్టకుంటే మంచిగుంటదా?" అంది.

ఇంతే జరిగింది. ఎవరూ నాతో అబద్ధం చెప్పలేదు.

సూపర్‌వైజరుకు ఫోన్ చేసి చెప్పాను, తప్పు రాశాను, దిద్దాలి అని. ఈ విడత మూసేశాం, వచ్చే విడతలో చూద్దాం అన్నాడు. మనిషి పోయాడని చెప్పాను. చెడ్డవాడు కాదు. "చాలా బాధాకరం. కానీ పద్మగారూ, ఇంత పెద్ద దేశంలో రెండు మిషన్లు అటూ ఇటూ అయితే మార్కెట్ ఏం మారదు కదా, మీరు మనసులో పెట్టుకోకండి" అన్నాడు. సరేనండీ అన్నాను.

ఇక్కడ చలి మొదలైంది. బీరువాలో నా ఆకుపచ్చ స్వెట్టరు ఉంటుంది, పార్సెల్‌లో వేయి. కుదిరితే చోడిపిండి కూడా ఒక కేజీ. అంబలి తాగితే ఏమైనా రుచి తెలుస్తుందేమో. సంబంధం సంగతి నువ్వు రాసింది చదివాను. వాళ్లకు ఇప్పుడేం చెప్పకు. నేను బాగానే ఉన్నాను, దానికీ దీనికీ ముడి పెట్టకు.

పదకొండో రోజు దినాలు అయ్యాయి. చుట్టాలొచ్చినన్ని రోజులూ పెద్దమ్మ ఒకటే మాట. "గా దవాఖానోల్లే ముంచిన్రు. నా మొగుణ్ణి గా అబద్ధాలోల్లే తిన్నరు. మా పద్మ పాపం అన్ని దిక్కుల ఫోన్లు జేసింది" అని వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించేది. వాళ్లు నా చెయ్యి పట్టుకునేవాళ్లు. పెద్దమ్మ అంత దుఃఖంలోనూ, ఎవరో తెచ్చిన అన్నంలోంచి నాకొక గిన్నె తీసి పెట్టేది. నేను తినేదాన్ని. ఆ ఆస్పత్రిని తిడుతుంటే వింటూ కూర్చునేదాన్ని. ఎంత సిగ్గులేనిదాన్నో చూడు.

నిన్న ఆమె దుకాణం తెరిచింది. శనగపప్పు పొట్లాలు కడుతోంది. నేను పనికి బయల్దేరినదాన్ని, గడప దగ్గర ఆగి, చెప్పేశాను. "పెద్దమ్మా, ఆ ఆస్పత్రివాళ్లు అబద్ధం చెప్పలేదు. నేనే అడగలేదు. బొట్లు చూసి నాలుగూ నడుస్తాయనుకున్నాను. పాడైనవాటిని చూసి ఖాళీ అనుకున్నాను. అదే రాశాను, అదే పెదనాన్నకు చెప్పాను."

ఆమె తలెత్తలేదు. చేతిలో ఉన్న పొట్లం కట్టింది. ఇంకోటి కట్టింది. తిడుతుందని నిలబడ్డాను. తిడితే బాగుండేది. మూడోది కడుతూ అడిగింది.

"గా మ్యాపుల గూడ గట్లనే ఉన్నదా ఇంకా?"

ఉందన్నాను.

అప్పుడు నా ముఖంలోకి చూసింది. కళ్లలో నీళ్లు లేవు.

"ఇంకేడేడ గిట్ల రాసినవ్ బిడ్డా?"

పైకి వచ్చేశాను. లిస్టు తీశాను. దసరా నుంచి నేను వెళ్లిన ఆస్పత్రులు పదిహేడు. ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి, ఇక్కడ మిషన్ స్విచ్ వేయించి చూశానా అని గుర్తు తెచ్చుకోబోయాను. పదిహేడింటిలో ఒక్కచోట కూడా వేయించలేదక్కా. అప్పుడొచ్చింది ఏడుపు. ఇన్ని రోజులదీ ఒక్కసారే వచ్చింది. కింద పెద్దమ్మకు వినపడే ఉంటుంది. ఆమె పైకి రాలేదు.

రేపటి నుంచి సెలవు పెట్టాను. కేసముద్రం నుంచి మొదలుపెడతాను. వాళ్లు మ్యాపు దిద్దుతారో లేదో నాకు తెలియదు. ఏ మిషన్ నడుస్తుందో, ఏది నడవదో కాగితం మీద రాసి పెద్దాస్పత్రి డయాలసిస్ గది బయట గోడకు అంటిస్తాను. చింపేస్తే మళ్లీ అంటిస్తాను.

ఇప్పట్లో ఇంటికి రాలేను. బావగారికి నమస్కారాలు, స్వాతికి ముద్దులు. ఎదురింటి మామ్మగారు అడిగితే నేను క్షేమమని చెప్పు. ప్రతి ఉత్తరంలోనూ నీ దీవెన అడుగుతాను, ఈసారి అడగడానికి నోరు రావడం లేదు. నువ్వే ఇస్తే కాదనను.

నీ చెల్లెలు
పద్మ