బొంతలపల్లి బడికి ఒక డోలు

బొంతలపల్లి,
14 జూలై 1969.

మహారాజశ్రీ రామ్‌రావు గారికి, బొంతలపల్లి ప్రాథమిక పాఠశాలలో ఉన్న ఒకే ఒక్క టీచరు వసుమతి నమస్కరించి రాయునది.

బడులకు సామాను పంపే గోదాములో మీరే గుమాస్తా అనీ, మీరు బీదర్ గాంధీ గంజ్ తెలుగువారనీ బస్సులో విన్నాను. ప్రాణం లేచొచ్చింది. నా కన్నడం ఇంకా ఒత్తుల దగ్గరే ఆగిపోయింది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

మా రిజిస్టరులో ముప్పై నలుగురు పిల్లలున్నారు. బెంచీల మీద ఆరుగురున్నారు. మిగతా వాళ్లు కిటికీలోంచి కనబడుతూనే ఉంటారు, పెసర చేలల్లో కలుపు తీస్తూ. సెప్టెంబరు ఆఖరుకి కనీసం ఇరవై మంది రాకపోతే ఈ బడిని ఎత్తేసి వాగవతలి బడిలో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. వాగు దాటించి ఆడపిల్లలను ఎవరు పంపుతారండీ?

పోయిన వారం ఒక సంగతి జరిగింది. ఏడో ఎక్కం ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కకపోతే, విసుగొచ్చి బల్ల మీద దరువు వేస్తూ పాటలా చెప్పాను. అప్పుడే పోశమ్మ అవ్వ మనవరాలిని కలుపుకు లాక్కుపోదామని వచ్చింది. పిల్ల రెక్క పట్టుకుంది, గుమ్మం దాకా లాగింది, అక్కడ ఆగిపోయింది. "ఆగు బిడ్డా, ఏడెన్ముదుల కాడికొచ్చింది. అది గూడ అయినంక పోదం" అంది. ఇంక పోలేదు. ఏడు పదులు డెబ్బై దాకా కూర్చుని, మళ్లీ మొదటి నుంచి చెప్పమంది.

ఇకమీద లెక్కలు పాటతోనూ, భూగోళం ఆటతోనూ చెబుదామని నిశ్చయించుకున్నాను. దయచేసి ఒక డోలు పంపండి. గట్టిది చూడండి.

ఇట్లు, మీ మేలు మరవని
వసుమతి

తా.క.: బల్ల కాలు విరిగింది. నేను దరువు వేసినందుకు కాదు, పోశమ్మ అవ్వ వేసినందుకు.

*

బీదర్,
25 జూలై 1969.

గౌరవనీయులైన వసుమతి టీచరమ్మకు, సామాను గుమాస్తా రామ్‌రావు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నా చదువంతా ఉర్దూలో సాగింది. తెలుగు మా అమ్మ నోటి నుంచి వచ్చింది. కాగితం మీద కనబడితే గుణింతాల దగ్గర తడబడతాను. అయినా అసలు మాట దొరికింది. మా స్టోరు కీపరు సంసోనును పిలిచి చదివి వినిపిస్తే, "డోల్ అంటే డోలే గద సాబ్, బాయిల నీళ్లు చేదేది" అని వెంటనే తెచ్చి ముందు పెట్టాడు.

మీ ముందుచూపుకు మెచ్చుకున్నాను టీచరమ్మా. పాటలు పాడితే గొంతెండుతుంది. గొంతెండితే నీళ్లు కావాలి. ఇది తోచిన టీచరును నేను ఇన్నేళ్లలో చూడలేదు. గట్టిది కావాలన్నారని ఇనుప బొక్కెనే ఎంచి, తాడుతో సహా బస్సులో వేయించాను.

భవదీయుడు
రామ్‌రావు

తా.క.: తాడు ఇరవై బారలుంది. మీ బావి అంతకన్నా లోతైతే దానికి వేరే ఫారం ఉంది.

*

బొంతలపల్లి,
4 ఆగస్టు 1969.

శ్రీ రామ్‌రావు గారికి వసుమతి నమస్కారాలు.

బొక్కెన చేరింది. ఇచ్చినదానికి వంక పెట్టకూడదని మా అమ్మ చెప్పేది కాబట్టి నేను పెట్టను. పిల్లలు దాన్ని బోర్లించి వాడుతున్నారు. దివ్యంగా పనిచేస్తోంది, వాగవతలికి కూడా వినబడుతోంది. తాడు గెంతుతూ రెండో ఎక్కం అప్పజెబుతున్నారు. నేల మీద గళ్లు గీసి, గడికో ఊరి పేరు పెట్టి తొక్కుడు బిళ్ల ఆడిస్తున్నాను. బీదర్‌లో బయలుదేరిన పిల్ల ఒంటికాలి మీద బసవకళ్యాణ్ చేరాలి. దారిలో హుమ్నాబాద్ గీత తొక్కితే ఔటు. ఇప్పుడు పదకొండు మంది వస్తున్నారు.

ఒక్కటే ఇబ్బంది. బొక్కెన ఒక్కటే మోగితే పాఠం గాడి తప్పుతోంది. పిల్లలు ఎవరికి తోచినట్టు వాళ్లు పరుగెత్తుతున్నారు, పట్టి ఆపడం నా వల్ల కావడం లేదు. తాళాలుంటే అందరూ అదుపులో ఉంటారు. రెండు జతలు పంపగలరు.

ఇట్లు
వసుమతి

తా.క.: మా ఊళ్లో బావి లేదు. బొక్కెన బస్సు దిగిన రోజు పటేలు రాచయ్య దానికి పూలదండ వేశాడు. "బొక్కెన అచ్చిందంటే బాయి ఎనకనే వస్తుండొచ్చు" అని రోజూ బస్సుకు ఎదురెళ్తున్నాడు.

*

బీదర్,
18 ఆగస్టు 1969.

వసుమతి టీచరమ్మకు రామ్‌రావు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నా గుండె జారింది. పిల్లలు పరుగెత్తుతున్నారా? పట్టినా ఆగడం లేదా? నేనూ ఇద్దరు పిల్లల తండ్రినే, మీ బాధ నాకు తెలుసు. కానీ పిల్లలను గదిలో పెట్టి తాళం వేయడం రూలుకు విరుద్ధం.

అడిగారు కాబట్టి పంపకుండా ఉండలేను. ఇత్తడి తాళాలు నాలుగు, వాటి చెవులు ఎనిమిది పంపుతున్నాను. మీరు వాటిని తలుపుకే వేయాలి, అదీ పిల్లలు ఇంటికి పోయాకే వేయాలి. ఈ సంగతి చూసి రమ్మని మీ వైపు తిరిగే కానిస్టేబులు ఏసప్పకు చెప్పాను. మనిషి కొండంత ఉంటాడు, మాట మెత్తన. భయపడకండి.

భవదీయుడు
రామ్‌రావు

తా.క.: బొక్కెన బోర్లించి వాడితే నీళ్లు నిలవవు. సంసోను కూడా ఇదే అంటున్నాడు.

*

బొంతలపల్లి,
2 సెప్టెంబరు 1969.

శ్రీ రామ్‌రావు గారికి వసుమతి నమస్కారాలు.

తాళాలు చేరాయి. మళ్లీ మా అమ్మే గుర్తొచ్చింది. చెవులన్నీ ఒక తీగకు గుచ్చి ఆడిస్తున్నాం, ఘల్లుమంటున్నాయి.

ఏసప్ప గారు వచ్చారు. "పిల్లగాండ్లను బంద్ జేస్తున్నవంట గద టీచరమ్మా?" అని గర్జించారు. మేమప్పుడు వాకిట్లో మంజీరా నది ఆట ఆడుతున్నాం. పిల్లలు చేతులు పట్టుకుని వరసగా పారుతుంటారు. నది వంపు తిరగడానికి మధ్యలో ఒక కొండ కావాలి. ఆయన్ని చూడగానే పిల్లలు చేయి పట్టి లాగి అక్కడ నిలబెట్టేశారు. "కదలకు కొండా!" అన్నారు. ఆయన కదల్లేదు. బడి వదిలేదాకా కదల్లేదు. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం ఎవరూ పిలవకుండానే వచ్చి కొండగా నిలబడుతున్నారు.

పదిహేడు మంది అయ్యారండీ! ఇంకా ముగ్గురు చాలు. నది పారుతుంటే చప్పుడు కూడా ఉంటే ఆ ముగ్గురూ ఇంట్లో ఉండలేరు. పిల్లల కాళ్లకు గజ్జెలు, ఇరవై జతలు కావాలి. ఒక్కరు మొదలుపెడితే చాలు, ఒకరిని చూసి ఒకరికి అంటుకుంటుంది. ఆలస్యం చేయకండి, నెలాఖరు దగ్గర పడుతోంది.

ఇట్లు
వసుమతి

తా.క.: వాన జోరుగా ఉంది. ఈ ఉత్తరాన్ని బస్సు డ్రైవరు తన టోపీలో పెట్టుకుని తెస్తానన్నాడు.

*

బీదర్,
15 సెప్టెంబరు 1969.

వసుమతి టీచరమ్మకు రామ్‌రావు కంగారుగా రాయునది.

ఆ డ్రైవరు టోపీకి చిల్లు ఉన్నట్టుంది. మీ ఉత్తరం ముద్దయి వచ్చింది. అయినా ఎండబెట్టి, అద్దం పెట్టి చదివాను: "పిల్లల కాళ్లకు గజ్జి... ఇరవై... ఒకరిని చూసి ఒకరికి అంటుకుంటుంది... ఆలస్యం చేయకండి."

చేయలేదు టీచరమ్మా! పరుగు పరుగున దవాఖానాకు పోయాను. గంధకం మలాము నలభై డబ్బాలు పంపుతున్నాను. నర్సు శరణమ్మ గారు ఇరవై ఆరో తేదీన వచ్చి ప్రతి పిల్లనూ పరీక్షిస్తారు. అంటువ్యాధి కాబట్టి పదిహేను రోజులు బడి మూసేయాలని పెద్ద ఆఫీసుకు కూడా కాగితం పెట్టాను. సీలు వేయడానికి బడుల ఇన్‌స్పెక్టర్ సాహెబ్ అదే రోజు స్వయంగా వస్తున్నారు. మీ మీద ఈగ వాలనివ్వను.

భవదీయుడు
రామ్‌రావు

తా.క.: "ఇరవై" పక్కన "జతలు" అని కూడా కనబడింది. జతల లెక్కన వచ్చే గజ్జిని కాంపౌండరు కూడా ఎరగడట. నలభై డబ్బాలు అందుకే.

*

బొంతలపల్లి,
27 సెప్టెంబరు 1969.

రామ్‌రావు గారికి,

నమస్కారం పెట్టాలని లేదు. అయినా పెడుతున్నాను.

మా అమ్మ ఏమన్నా సరే, ఇవాళ వంక పెడతాను. అయ్యా! నేనడిగింది బొక్కెన కాదు, వాయించే డోలు. తలుపు తాళాలు కాదు, భజనలో వాయించే తాళాలు. గజ్జి కాదు, గజ్జెలు! కాళ్లకు కట్టుకుంటే ఘల్లుఘల్లుమనే గజ్జెలు! నెలాఖరు గండం దాటిద్దామని నేను తంటాలు పడుతుంటే, మీరు బడికి సీలు వేయించబోయారు!

మీ ఉత్తరమూ డబ్బాలూ మొన్ననే చేరాయి. నిన్న ఏం జరిగిందో వినండి. గజ్జి మాట ఊరంతా పాకింది. ప్రతి తల్లీ చేలోంచి పిల్లను చంకన వేసుకుని నర్సమ్మకు చూపించడానికి పరుగెత్తుకొచ్చింది. శరణమ్మ గారు ఒక్కో కాలూ తిప్పి తిప్పి చూశారు. "ఏడున్నదమ్మా గజ్జి? ఈ కాళ్లకు ఉన్నదంతా దుమ్మే గద!" అన్నారు. అప్పటికే ఇన్‌స్పెక్టర్ గారు లక్క, కొవ్వొత్తి పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. నేను రిజిస్టరు పట్టుకుని ఎదురెళ్లాను.

నాకంటే ముందు మాట్లాడింది పోశమ్మ అవ్వ. ఆయనకు అడ్డంగా నిలబడి, "బడి బంద్ జేస్తే నా తొమ్మిదో ఎక్కం ఎవరు జెప్తరు సాబ్? ఎనిమిది దాక వచ్చిన. నువ్వు జెప్తవా?" అని అడిగింది. అవ్వ బొక్కెన మీద ఒక్క దెబ్బ వేసింది. అంతే, పిల్లలు లేచారు. మలాము డబ్బాలు కొన్ని ముందే ఖాళీ చేసి, గులకరాళ్లు పోసి కాళ్లకు కట్టుకున్నారు. (మలాము పటేలు గారి ఎద్దులకు రాశాం. వాటికి నిజంగానే ఉంది.) ఏసప్ప గారు కొండయ్యారు. మంజీరా పారింది. ఇన్‌స్పెక్టర్ గారు తలలు లెక్కపెట్టారు, మళ్లీ లెక్కపెట్టారు. ముప్పై నలుగురికి ముప్పై నలుగురూ ఉన్నారు.

 ఆయన బడి ఉంటుందనీ అనలేదు, పోతుందనీ అనలేదు. మీరు నాకు రాసిన ఉత్తరాలన్నీ అడిగి తీసుకుని జీపెక్కారు. నాకు అన్నం సయించడం లేదు.

ఇక ఏమీ పంపకండి. మీరు ఒక్కరోజు ఈ గదిలో నిలబడి ఉంటే, ఏం అడుగుతున్నానో మీకే తెలిసేది.

ఇట్లు
వసుమతి

తా.క.: నర్సమ్మ పోయేముందు ఐదో ఎక్కం నేర్చుకుని పోయారు. సూది మందు ఇచ్చేటప్పుడు పాడతారట.

*

బీదర్,
4 అక్టోబరు 1969.

వసుమతి టీచరమ్మకు రామ్‌రావు తలవంచి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆవిడ జయమాలకు చదివి వినిపిస్తే, గజ్జెల దగ్గరికి వచ్చేసరికి ఆమె కూడా చచ్చిపోయింది, నవ్వుతో.

మొన్న బుధవారం ఇన్‌స్పెక్టర్ సాహెబ్ నన్ను పిలిచారు. బల్ల మీద నా ఫైలు, మీ దగ్గర తీసుకున్న నా ఉత్తరాలు ఉన్నాయి. కొలువు పోయిందనుకున్నాను.

"ఈ సామాను పంపింది నువ్వేనా?" అన్నారు.

"నేనే సాబ్" అన్నాను.

"డోలుకు బదులు బొక్కెన పంపినవ్. తాళాలకు బదులు చెవుల గుత్తి పంపినవ్. గజ్జెలకు డబ్బాలు పంపినవ్. ఊరు ఊరంతటిని ఒక్క దినం బడికి రప్పియ్యనీకె గజ్జి అని పుకారు లేపినవ్. ఉత్తరాలల్ల మాత్రం ఏమీ తెలువనోని లెక్క రాసినవ్. ఇంత తెలివి నీకు ఎక్కడికెల్లి వచ్చిందయ్యా?"

నిజం చెబుదామని నోరు తెరిచాను. "సాబ్, అది నాకు తెలువక..." అన్నాను. ఆయన చేయెత్తి ఆపారు. "వినయం గూడ ఉన్నది" అంటూ ఫైలులో రాసుకున్నారు.

టీచరమ్మా, మీ బడి ఎక్కడికీ పోదు. ముప్పై నలుగురు పిల్లలకు ఒక్కరు చాలరని మీకు రెండో టీచరును కూడా ఇచ్చారు. "ఇట్లాంటి మనిషిని గోదాముల కూసోబెట్టుడు పాపం" అని, ఆ రెండో టీచరుగా నన్నే వేశారు.

మీకొక సంగతి చెప్పాలి. పదకొండేళ్ల కింద నేను టీచరు ట్రైనింగు పాసయ్యాను. మొదటి రోజు క్లాసులో అడుగు పెట్టగానే నలభై మంది పిల్లలు ఒక్కసారిగా లేచి "నమస్తే సార్!" అని అరిచారు. నేను కిటికీలోంచి దూకి వచ్చేశాను. అందుకే గోదాము అడిగి వేయించుకున్నాను. బస్తాలు నమస్తే పెట్టవు కదా.

ఇప్పుడు దూకను. రెండు రోజులుగా గాంధీ గంజ్‌లో మా అన్న దుకాణం వెనుక నిలబడి ఏడో ఎక్కం పాడటం నేర్చుకుంటున్నాను. నా గొంతు బాగుండదు. కానీ నిన్న సాయంత్రం కందుల లారీ దింపుతున్న హమాలీలు నా పాటకు అడుగులు వేశారు. ఏడు మూళ్లకు బస్తా ఎత్తారు, ఏడు నాల్గులకు దించారు. "ఇంకోపారి అను అన్నా, బరువు తెలుస్తలేదు" అన్నారు. నా చదువు ఒకరికి పనికొచ్చిందని నాకు తెలియడం అదే మొదటిసారి. లారీ చాటుకు పోయి కళ్లు తుడుచుకున్నాను.

పదమూడో తేదీ సోమవారం పొద్దున బస్సుకు వస్తాను. ఏం చేయాలో చెప్పండి, చేస్తాను. వీలైతే కాగితం మీద కాక నోటితో చెప్పండి.

మీ సహోపాధ్యాయుడు
రామ్‌రావు

తా.క.: నేను వస్తున్నట్టు పిల్లలకు ముందే చెప్పకండి. భయపడతారని కాదు. అందరూ కలిసి నమస్తే పెడతారని.